ఓడెక్కిన గని కార్మికుడి జాడ: 19వ శతాబ్దపు ఇంగ్లండ్ వలసదారుడి జీవితాన్ని వెదికే పద్ధతి

మా కోడలు దక్షిణ ఆస్ట్రేలియాలో పుట్టి పెరిగిన అమ్మాయి. మా మనవరాలికి నాన్న వైపు ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పగలిగాను. అమ్మ వైపు పెద్దలలో మొట్టమొదట ఓడెక్కి వచ్చిన మనిషి ఎవరు, ఎందుకు వచ్చాడు అని ఆ పిల్ల అడిగినప్పుడు మాత్రం ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ జవాబు కోసం నేర్చుకున్న పద్ధతిని, అదే అవసరం ఉన్న తెలుగు కుటుంబాల కోసం ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇంగ్లండ్ నుంచి వలస వెళ్ళినవారు లక్షల్లో ఉన్నారు, వెళ్ళిన దేశాలూ అనేకం. అందుకని ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి దక్షిణ ఆస్ట్రేలియా రాగి గనులకు తరలివెళ్ళిన కార్మికులనే ఉదాహరణగా తీసుకుంటాను. కార్న్‌వాల్ ప్రజలలో చాలామంది తమను ముందుగా కార్నిష్‌వారిగానే చెప్పుకుంటారు గానీ, వారి పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు నమోదైనది ఇంగ్లండ్ దప్తరాల్లోనే.

అన్నిటికన్నా ముందు మనసులో నాటుకోవలసిన నియమం ఒకటుంది. వెదుకులాట ఇంగ్లండ్‌లో మొదలుపెట్టకూడదు. మనిషి చనిపోయిన చోట మొదలుపెట్టి, ఒక్కొక్క ఏడాదే వెనక్కి నడుస్తూ, చేతిలో ఉన్న ఆధారం వేలుపెట్టి చూపించిన చోటికి మాత్రమే అడుగు వేయాలి. కార్న్‌వాల్ బాప్తిస్మ పుస్తకాల్లో మన పూర్వీకుడి పేరు కనిపించగానే కలిగే సంతోషమే ఈ పనిలో అతి పెద్ద ప్రమాదం. నేను ఆ సంతోషంలో పడి, వేరే ఇంటి మనిషిని కొన్ని నెలలపాటు మా కోడలి వంశంలో చేర్చుకున్నాను.

చావు నుంచి వెనక్కి

మొదట ఇంట్లో ఉన్న కాగితాలు బయటికి తీయించండి. కుటుంబ బైబిలు ముందు పుటల్లో రాసుకున్న తేదీలు, అంత్యక్రియల కార్డులు, ఫోటోల వెనుక రాతలు, చాపెల్ (మెథడిస్టుల వంటి శాఖలవారి ప్రార్థనా మందిరం) వారు ఇచ్చిన బహుమతి పుస్తకాలు, అన్నిటినీ రెండు వైపులా ఫోటో తీయండి. వయసు మళ్ళిన బంధువులను ఒక్కొక్కరినే విడిగా కూర్చోబెట్టి అడగండి. నలుగురూ కలిసి కూర్చుంటే గట్టిగా మాట్లాడేవారి కథే అందరి కథ అవుతుంది.

తరువాత మరణ నమోదు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ నమోదు ఒక్కో వలస రాజ్యంలో ఒక్కో ఏడాది మొదలైంది: టాస్మేనియాలో 1838, పశ్చిమ ఆస్ట్రేలియాలో 1841, దక్షిణ ఆస్ట్రేలియాలో 1842, విక్టోరియాలో 1853, న్యూ సౌత్ వేల్స్‌లోనూ, అప్పటికి అందులో భాగమైన క్వీన్స్‌లాండ్‌లోనూ 1856. ఈ పత్రాల నాణ్యత ఒకేలా ఉండదు. విక్టోరియా మరణ పత్రం ఒక చిన్న జీవిత చరిత్రలాంటిది. చనిపోయిన వ్యక్తి తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, ఆ వలస రాజ్యంలో ఎన్నేళ్ళు ఉన్నాడు, ఎక్కడ, ఏ వయసులో, ఎవరిని పెళ్ళాడాడు, పిల్లల పేర్లు, వయసులు, ఇవన్నీ అందులో అడిగేవారు. అదే కాలపు దక్షిణ ఆస్ట్రేలియా పత్రంలో పేరు, వయసు, వృత్తి, కారణం, చోటు వంటివి ఉంటాయే తప్ప తల్లిదండ్రుల ఊసు ఉండదు. ఇంగ్లండ్ మరణ పత్రంలోనూ ఆ కాలంలో తల్లిదండ్రుల పేర్లు రాయలేదు.

ఈ తేడా తెలిస్తే ఒక దారి కనిపిస్తుంది. 1851లో విక్టోరియాలో బంగారం బయటపడగానే దక్షిణ ఆస్ట్రేలియాలోని బర్రా రాగి గని దాదాపు ఖాళీ అయింది. కార్నిష్ కార్మికులు మందలు మందలుగా బాలరాట్ వైపు, మౌంట్ అలెగ్జాండర్ వైపు వెళ్ళిపోయారు. వారిలో కొందరు తిరిగి రాలేదు. మీ పూర్వీకుడు దక్షిణ ఆస్ట్రేలియాలో చనిపోయినా, అతని అన్నో తమ్ముడో చెల్లెలో విక్టోరియాలో చనిపోయి ఉంటే, ఆ పత్రం మీద ఉండే తల్లిదండ్రుల పేర్లు మీ మనిషికి కూడా చెందుతాయి. నేరుగా దొరకని సమాచారాన్ని తోబుట్టువుల పత్రాల్లోంచి రాబట్టడం ఈ పనిలో సగం విద్య. అయితే ఒక్క మాట. మరణ పత్రంలోని వివరాలు చెప్పినది చనిపోయినవాడు కాదు. తాతను ఎన్నడూ చూడని కొడుకో, పక్కింటివాడో చెప్పిన మాట అది. సమాచారం ఇచ్చిన వ్యక్తి ఎవరో ఆ పత్రంలోనే ఉంటుంది. అది చదవకుండా మిగతాది నమ్మకండి.

పిల్లల జనన పత్రాల్లో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. వివాహ నమోదులో తరచుగా తండ్రుల పేర్లు దొరుకుతాయి. అందుచేత పెద్ద కొడుకు పత్రం ఒక్కటి తెప్పించుకుని ఆగిపోకుండా, పిల్లలందరివీ చూడండి. పిల్లలు పుట్టిన ఊళ్ళను వరుసగా పేర్చితే ఆ కుటుంబం నడిచిన దారి అదే బయటపడుతుంది: మొదటివాడు కార్న్‌వాల్‌లో, రెండవది కపుండాలో, మూడవవాడు బర్రాలో, చివరివారు మూంటాలో. కపుండాలో రాగి 1842లో, బర్రాలో 1845లో, మూంటాలో 1861లో బయటపడ్డాయి. ఆ తేదీల పక్కన కాన్పుల తేదీలు పెట్టి చూస్తే, కుటుంబం ఏ కబురు విని మూటాముల్లె సర్దుకుందో అర్థమవుతుంది.

ఓడ

అందరూ ముందుగా ఓడ పేరే అడుగుతారు. నిజానికి పత్రాల పని కొంతైనా పూర్తయ్యాకే ఓడ దగ్గరికి రావాలి. ఎందుకంటే ఇంగ్లండ్ విడిచి వెళ్ళేవారి జాబితాలు ఒక క్రమంలో మిగిలి ఉన్నది 1890 నుంచే. అంతకు ముందు ప్రయాణాలకు సాక్ష్యం చాలావరకు దిగిన రేవుల్లోనే ఉంది.

దక్షిణ ఆస్ట్రేలియా వలస 1836లో మొదలైంది. 1836 నుంచి 1841 వరకు ఉచిత ప్రయాణం కోసం దరఖాస్తు పెట్టుకున్న కార్మికుల రిజిస్టరు ఒకటి మిగిలి ఉంది. అందులో పేరు ఉన్నంత మాత్రాన ఆ మనిషి ఓడెక్కినట్టు కాదు, దరఖాస్తు పెట్టినట్టు మాత్రమే. ప్రభుత్వ సహాయంతో వచ్చినవారి జాబితాలు 1845 నుంచి 1886 వరకు అక్కడి ప్రభుత్వ పత్రాలయంలో ఉన్నాయి. విక్టోరియాకు సహాయంతో వచ్చినవారికి 1839 నుంచి 1871 వరకు, సొంత ఖర్చుతో వచ్చినవారికి 1852 తరువాత వేరు వేరు సూచికలు ఉన్నాయి. న్యూ సౌత్ వేల్స్ జాబితాలు కొన్ని మరీ విలువైనవి. వాటిలో పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, వారు బతికి ఉన్నారా లేదా, మతం, చదవడం రాయడం వచ్చా అనేది కూడా రాశారు. సొంత డబ్బుతో వచ్చినవారి జాబితాలు ఇందుకు పూర్తిగా విరుద్ధం. కొన్నిచోట్ల ఇంటిపేరు తప్ప ఇంకేమీ ఉండదు. పేదవాడి ప్రయాణానికి లెక్క చెప్పవలసిన ప్రభుత్వం ఉంది కాబట్టి, మన వెదుకులాటలో పేదవాడే స్పష్టంగా కనిపిస్తాడు.

జాబితాలో వయసు, వృత్తి చూసి తొందరపడవద్దు. ఉచిత ప్రయాణం పడుచు దంపతులకు, వలస రాజ్యానికి పనికివచ్చే వృత్తులవారికి దక్కేది. కాబట్టి 43 ఏళ్ళ మనిషి 38 అని చెప్పడం, గనిలో పనిచేసినవాడు వ్యవసాయ కూలీనని రాయించుకోవడం మామూలే. మోసం అనే మాట ఇక్కడ నాకు రాదు. ఆకలికీ ఓడకూ మధ్య ఉన్న అడ్డు ఆ ఒక్క అంకె.

1788 నుంచి 1868 వరకు బ్రిటన్, ఐర్లాండ్‌ల నుంచి సుమారు 1,62,000 మంది శిక్షపడినవారిని ఆస్ట్రేలియాకు పంపారు. దక్షిణ ఆస్ట్రేలియాకు నేరుగా వారిని పంపలేదు. పక్క రాజ్యాల్లో శిక్ష ముగించుకుని వచ్చినవారు మాత్రం ఉన్నారు. ఏ ఓడ జాబితాలోనూ మనిషి కనిపించకపోతే ఈ దారి కూడా చూడాలి, సిగ్గుపడకుండా చూడాలి. టాస్మేనియా శిక్షా పత్రాల్లో ఎత్తు, కళ్ళ రంగు, పచ్చబొట్లు, పుట్టిన ఊరు దాకా ఉంటాయి.

ఇంగ్లండ్ గట్టు మీద

ఇప్పుడు చేతిలో సుమారైన పుట్టిన సంవత్సరం, భార్య పుట్టింటి పేరు, వీలైతే ఒక ఊరు పేరు ఉండాలి. ఇవి లేకుండా అవతలి గట్టు ఎక్కవద్దు.

ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. సూచికలు మూడేసి నెలలకు ఒకటి చొప్పున ఉంటాయి. మార్చి సూచిక అంటే జనవరి నుంచి మార్చి చివరి దాకా నమోదైనవి. పుట్టినది డిసెంబరు చివర్లో అయినా నమోదు జనవరిలో అయి ఉండవచ్చు కాబట్టి పక్క సూచిక కూడా చూడాలి. పాత అచ్చు సూచికలో తల్లి పుట్టింటి పేరు 1911 దాకా లేదు. జనరల్ రిజిస్టర్ ఆఫీసు వారు ఇటీవల తయారుచేసిన ఆన్‌లైన్ సూచికలో మాత్రం 1837 నుంచీ ఉంది. దీనితో ఒకే ఇంటి పిల్లలందరినీ ఒక చోట చేర్చవచ్చు. ఆ గడి ఖాళీగా ఉంటే, తరచుగా అది పెళ్ళి కాని తల్లి బిడ్డకు గుర్తు. 1875 దాకా పుట్టుక నమోదు చేయించని తల్లిదండ్రులకు జరిమానా బెడద పెద్దగా లేదు. కాబట్టి పేరు దొరకకపోతే చర్చి బాప్తిస్మ పుస్తకానికి వెళ్ళాలి.

జనాభా లెక్కల్లో 1841 నాటివి పేర్లతో సహా దేశమంతటికీ మిగిలిన మొదటివి. వాటిలో ఒక చిక్కు ఉంది. 15 ఏళ్ళు దాటినవారి వయసును అయిదు అంకెకు కిందికి దించి రాయమన్నారు. అంటే 24 ఏళ్ళవాడు 20గా, 39 ఏళ్ళవాడు 35గా కనిపిస్తాడు. బంధుత్వం రాయలేదు. పుట్టిన చోటు కూడా అదే కౌంటీయా (మన జిల్లా వంటిది) కాదా అన్నంత వరకే. 1851 నుంచి అసలు వయసు, ఇంటి యజమానితో బంధుత్వం, పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊరు, చుట్టుపక్కల ప్రాంతం) పేరు ఉంటాయి. అందుచేత 1849లో వెళ్ళిపోయిన మనిషి కన్నా అక్కడే ఉండిపోయిన అతని తల్లి, అన్నదమ్ములు 1851 లెక్కల్లో ఎక్కువ చెబుతారు. భర్త ఆస్ట్రేలియాలో ఉన్నాడని రాయించుకుని, పిల్లలతో ఇంటి యజమానురాలిగా కనిపించే భార్యలు కార్న్‌వాల్ పుటల్లో ఉన్నారు. ఆ వాక్యం చదివినప్పుడల్లా, మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన మగవారి ఇళ్ళు నాకు గుర్తుకు వస్తాయి.

చర్చి పుస్తకాలు 1538 నుంచి ఉన్నాయి. మన పనికి ముఖ్యమైనవి 1813 తరువాతివి. అప్పటి నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి. బాప్తిస్మంలో తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి నింపేవారు. కార్న్‌వాల్‌లో, ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చి నుంచి విడిపోయిన మెథడిస్టులు బలంగా ఉండేవారు. వెస్లియన్, బైబిల్ క్రిస్టియన్, ప్రిమిటివ్ మెథడిస్టు శాఖలకు వేరు వేరు పుస్తకాలు ఉన్నాయి. ఒక్కో సర్క్యూట్ (కొన్ని చాపెళ్ళ సముదాయం) పుస్తకంలో అనేక పల్లెల పిల్లలు కలిసి ఉంటారు. కానీ 1754 నుంచి 1837 దాకా, క్వేకర్లు, యూదులు తప్ప అందరి పెళ్ళీ చట్టప్రకారం ఆంగ్లికన్ పారిష్ చర్చిలోనే జరగాలి. కాబట్టి మెథడిస్టు తాత పెళ్ళి ఆంగ్లికన్ పుస్తకంలో దొరికితే ఆశ్చర్యపడవద్దు. ఫ్యామిలీసెర్చ్, ఫ్రీబీఎండీ, కార్న్‌వాల్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ వంటి వెబ్‌సైట్లు ఉచితం. మూల పుస్తకాలు రెడ్రూత్ పట్టణంలోని క్రెసెన్ కెర్నో పత్రాలయంలో ఉన్నాయి.

ఇంటిపేరు కూడా దారి చూపుతుంది. మన ఇంటిపేర్లు ఊళ్ళ నుంచి వచ్చినట్టే, ట్రె, పోల్, పెన్ అని మొదలయ్యే కార్నిష్ ఇంటిపేర్లు చోట్ల నుంచి వచ్చాయి. ట్రె అంటే ఇంటి పట్టు, పోల్ అంటే మడుగు, పెన్ అంటే కొస. ఇలాంటి పేరైతే వెదకవలసిన ప్రాంతం ఇరుకవుతుంది. థామస్, విలియమ్స్, రిచర్డ్స్ అయితే కష్టకాలమే. హాకింగ్ వంటి పేర్లలో మొదటి హ అక్షరం ఉచ్చారణలో పోయి అచ్చుతో మొదలైనట్టు రాసి ఉండవచ్చు. పాత దస్తూరిలో జంట ఎస్ అక్షరాలలో మొదటిది ఎఫ్‌లా కనిపిస్తుంది. సూచిక తయారుచేసినవారు దాన్ని అలాగే ఎక్కించి ఉండవచ్చు.

ఒకే పేరున్న ముగ్గురు

ఇక్కడే నిదానం కావాలి. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. 1879లో మూంటాలో 58 ఏళ్ళ వయసులో జాన్ థామస్ అనే గని కార్మికుడు చనిపోయాడనుకోండి. కొడుకు బర్రాలో 1849లో పుట్టాడు. భార్య పుట్టింటి పేరు తెలుసు. కుటుంబంలో గ్వెనప్ అనే ఊరి మాట నిలిచింది. గ్వెనప్, రెడ్రూత్, ఇల్లొగన్, కామ్బోర్న్ పారిష్‌లలో 1819 నుంచి 1823 వరకు ఆ పేరుతో బాప్తిస్మం పొందినవారు ముగ్గురు కనిపించారనుకుందాం. మన ఊరికి దగ్గరవాడిని ఎంచుకుని ముందుకు పోవడం తప్పు. ముగ్గురి జీవితాలనూ చివరిదాకా నడిపించాలి.

మొదటివాడి పేరు బాప్తిస్మమైన రెండేళ్ళకు అదే పారిష్ ఖననాల పుస్తకంలో ఉంది. ఆ ఇంట్లోనే తరువాత పుట్టిన బిడ్డకు మళ్ళీ అదే పేరు పెట్టారేమో కూడా చూడాలి, అది ఆనాటి ఆచారం. రెండవవాడు 1861 లెక్కల్లో కార్న్‌వాల్‌లోనే భార్యాబిడ్డలతో ఉన్నాడు, కాబట్టి 1849లో బర్రాలో తండ్రి అయినవాడు అతడు కాదు. మిగిలినది మూడవవాడు. మిగిలాడు కాబట్టి అతడే అనడం కూడా చాలదు. అతని 1840ల పెళ్ళి నమోదు తెప్పించి, వధువు ఇంటిపేరు బర్రా బిడ్డ తల్లి ఇంటిపేరుతో సరిపోతుందో లేదో చూడాలి. 1837 తరువాతి పెళ్ళి పత్రంలో ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. వయసు బదులు మేజరని మాత్రమే రాసినా నిరాశ వద్దు. సంతకం పెట్టాడా, ఇంటూ గుర్తు వేశాడా అనేది గమనించండి. దక్షిణ ఆస్ట్రేలియాలో చక్కగా సంతకం చేసినవాడు ఇంగ్లండ్‌లో గుర్తు వేసి ఉంటే, మధ్యలో రాత్రి బడిలో చదివాడో, అసలు వేరే మనిషో ఆలోచించాలి.

సాక్షుల పేర్లు, ఓడ జాబితాలో పక్క వరుసలో ఉన్న కుటుంబాలు, మూంటాలో పక్క ఇళ్ళవారు, చాపెల్ ధర్మకర్తలు, వీరి పేర్లు కూడా ఒక చోట రాసుకోండి. కార్నిష్ వారు ఒంటరిగా కాక బంధువులతో, ఒకే గనిలో పనిచేసిన జతగాళ్ళతో వెళ్ళారు. అటు గట్టు మీదా ఇటు గట్టు మీదా అదే గుంపు కనిపిస్తే మీ గుర్తింపుకు బలం వస్తుంది. ఒకదానిపై ఒకటి ఆధారపడని రెండు సాక్ష్యాలైనా లేకుండా నేను ఏ లంకెనూ ఇప్పుడు ఖాయం చేయను. అంతర్జాలంలో ఇరవై వంశవృక్షాల్లో అదే తండ్రి ఉన్నా, అవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించినవైతే అది ఒక్క సాక్ష్యం కూడా కాదు.

డీఎన్ఏ పరీక్ష ఈ దశలో ఉపయోగపడుతుంది, ముందు కాదు. తరతరాలుగా చుట్టుపక్కల పారిష్‌లలోనే పెళ్ళిళ్ళు చేసుకున్నవారిలో దూరపు బంధుత్వం ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తుంది.

బతుకు

తేదీలు దొరికాక చాలామంది ఆపేస్తారు. నా మనవరాలు అడిగింది తేదీలు కాదు. ఎందుకు వచ్చాడు అన్నది ఆమె ప్రశ్న. దానికి గని చరిత్ర చదవాలి. 1840లలో బంగాళదుంప పంట దెబ్బతినడం కార్న్‌వాల్‌నూ తాకింది. 1866లో రాగి ధర పడిపోవడంతో ఎన్నో గనులు మూతపడ్డాయి. 1847లో వెళ్ళినవాడి కారణం, 1867లో వెళ్ళినవాడి కారణం ఒకటి కావు.

వృత్తి గడిలోని మాటలకు అర్థం తెలుసుకోండి. గనిలో కెప్టెన్ అంటే ఓడ నాయకుడు కాదు, గని పని నడిపించే అధికారి. మూంటాను 1864 నుంచి 1898 దాకా నడిపిన హెన్రీ రిచర్డ్ హాంకాక్‌ను అందరూ కెప్టెన్ హాంకాక్ అనేవారు. ట్రిబ్యూటర్ అంటే ఖనిజం విలువలో వాటాకు పాడుకుని తవ్వేవాడు. టట్‌వర్కర్ అంటే తవ్విన కొలతకు కూలి తీసుకునేవాడు. మొదటివాడికి ఒక నెల పండుగ, మరో నెల పస్తు. ఆ ఒక్క మాటతో ఆ ఇంటి వంటగది ఎలా ఉండేదో ఊహించవచ్చు.

ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ట్రోవ్ అనే వెబ్‌సైట్‌లో పాత పత్రికలు ఉచితంగా చదవవచ్చు. ప్రమాదాల విచారణలు, చాపెల్ వార్షికోత్సవాలు, 1874 మూంటా సమ్మె, అన్నీ అందులో ఉన్నాయి. పేరుతో మాత్రమే వెదకకుండా ఊరు, గని పేరుతో ఆ వారాల పత్రికను మొత్తం చదవండి. ఇంగ్లండ్ నుంచి వచ్చినవాడు బ్రిటిష్ ప్రజే కాబట్టి పౌరసత్వ పత్రాలు ఉండవు, వాటి కోసం వెదకవద్దు. ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో పేర్లున్న పుటలు చాలావరకు మిగలలేదు. వాటి లోటును ఓటర్ల జాబితాలు, పన్ను పుస్తకాలు, వార్షిక డైరెక్టరీలు తీరుస్తాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో స్త్రీలకు ఓటు హక్కు 1894లోనే వచ్చింది. ఆ తరువాతి జాబితాల్లో ముత్తవ్వల పేర్లూ చూడవచ్చు. భూమి పత్రాల్లో 1858లో అక్కడ మొదలైన టోరెన్స్ పద్ధతి (భూమి హక్కును ప్రభుత్వ రిజిస్టరులోనే నమోదు చేసే పద్ధతి) హక్కు పుస్తకాలు చాలా వివరమైనవి. అయితే మూంటా కార్మికులు చాలామంది గని లీజు నేల మీదే ఇల్లు కట్టుకున్నారు. వారికి పట్టా దొరకకపోవడం సహజం. గ్వెనప్‌లో 1856లో పుట్టి, పసివాడిగా వచ్చి, మూంటా గనిలో పనిచేసి, 1910లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి వంటి పదవి) అయిన జాన్ వెరాన్ జీవితం చదివితే, మీ పూర్వీకుడి చుట్టూ ఉన్న లోకం కొంత కళ్ళకు కడుతుంది.

మధ్యలో మాయమైతే

కార్నిష్ కార్మికుడు రాగి తరిగినప్పుడు మళ్ళీ మూట కట్టేవాడు. బర్రా గని 1877లో ఆగిపోయింది. ఆ తరువాత మీ మనిషి ఆస్ట్రేలియా పత్రాల్లో కనిపించకపోతే, కొన్నేళ్ళకు భార్య తనను విధవగా రాయించుకున్నంత మాత్రాన అతడు చనిపోయాడని నిర్ణయించవద్దు. మిషిగన్ రాగి గనులు, కాలిఫోర్నియాలోని గ్రాస్ వ్యాలీ, 1886 తరువాత జొహాన్నెస్‌బర్గ్, వీటిని వరుసగా చూడండి.

వాటి తరువాత చూడవలసిన చోటు మన పక్కనే ఉంది. చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఆవల, కోలార్ బంగారు గనులను 1880 నుంచి లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ నడిపింది. అక్కడి పర్యవేక్షణ పనులకు కార్న్‌వాల్ నుంచి కెప్టెన్లను, అనుభవజ్ఞులైన కార్మికులను తెచ్చారు. లోపల తవ్వినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. మద్రాసు పరిధిలోని చర్చిల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల ప్రతులు లండన్‌కు పంపేవారు. అవి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో మద్రాసు వరుసగా ఉన్నాయి. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ సూచికలు ఉచితంగా చూడవచ్చు. ఖననం నమోదులో వయసు, వృత్తి, మరణ కారణం కలిపి రాసిన పుటలు ఎన్నో ఉన్నాయి. ఊరుగాం, ఛాంపియన్ రీఫ్ అనే చోట్ల పేర్ల దగ్గర ఆగి, మైనర్ అనే మాట పక్కన మీరు వెదుకుతున్న ఇంటిపేరు ఉందేమో చూడండి.